గాలిమరలును గంగపుత్రులును

మంచికిని చెడుగునకును పోరు గలిగినపుడు ఏది పట్టవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించుట కష్టము కాదు, ఆచరించుటయే కష్టము. మంచికిని మంచికిని పోరు గలిగినపుడో, నిర్ణయించుటయే కష్టమగును. మన ఇతిహాసములు ధర్మసూక్ష్మమని పేరిడి పదే పదే చర్చించినది ఈ రెండవజాతి చిక్కునే. అట్టి చిక్కొకటి యిప్పుడు సముద్రముమీదుగా వచ్చుచున్నది. దానిని మా కోనసీమ తీరమున నిలిచి పరిశీలింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

బొగ్గును చమురును కాల్చి విద్యుత్తును పుట్టించుటచేత భూగోళము వేడెక్కుచున్నదనుట యిప్పుడు వివాదాంశము కాదు. ఆ వేడికి మారుమందుగా విజ్ఞులు చూపిన వానిలో గాలి యొకటి. నేలమీది గాలికంటె సముద్రముమీది గాలి బలమైనది, నిలుకడ గలది. అందుచేత డెన్మార్కు దేశస్థులు 1991లో విండెబీ యను చోట పదునొకండు గాలిమరలను సముద్రమున నాటిరి. అవి తమ కాలము తీఱువఱకు పనిచేసి 2017లో తొలగింపబడినవి. అప్పటికే ఉత్తరసముద్రమున వానికంటె ఎన్నో రెట్లు పెద్దవైన మరల తోటలు మొలచియుండెను. మన కేంద్రప్రభుత్వము 2015లో సముద్రపు గాలివిద్యుత్తునకొక జాతీయవిధానమును ప్రకటించి, 2024 జూన్ నెలలో 7,453 కోట్ల రూపాయల సహాయపథకమును ఆమోదించినది. అందు ఉద్దేశింపబడిన వేయి మెగావాట్లలో సగము గుజరాతు తీరమునకు, సగము తమిళనాడు తీరమునకు. మన తీరము ఆ తొలివరుసలో లేదు. లేదుగదా, మనకేమియని కొందఱనవచ్చును. లేనపుడే ఆలోచింపవలెనని మేమందుము. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనకు చిరకాలపు అలవాటే గాని, ఆ యలవాటు వలన ఏ యిల్లును నిలిచినట్లు మేము వినలేదు.

అదియునుగాక, సముద్రమున యంత్రములు నిలుచుట కోనసీమవారికి క్రొత్తసంగతి కాదు. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయము చీల్చిన ఈ లంకలసీమ యడుగున సహజవాయువు కలదని తెలిసిన నాటినుండి, నాలుగు దశాబ్దములకు పైగా, ఇచట త్రవ్వకములు సాగుచునే యున్నవి. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి యొద్ద బావి యొకటి ప్రేలి, 65 దినములు ఎవరికిని లొంగక మండినది. ఆ మంటను చూచిన బాలురము ఇప్పుడు నలువదులలో నున్నాము. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున వాయువు గొట్టము పగిలి నిప్పంటుకొని యిరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఇది నేలమీది కథ. సముద్రపు కథ వేఱు. అటు గాడిమొగ యొద్దను, ఇటు వైనతేయము కడలి గలియు ఓడలరేవు నొద్దను, సముద్రగర్భమునుండి వచ్చు వాయువును అందుకొను కేంద్రములు వెలసినవి. 2009 ఏప్రిల్ నుండి గాడిమొగవైపునను, 2020 నుండి ఓ.ఎన్.జి.సి. వారి లోతునీటి క్షేత్రమునను వాయువు వెలువడజొచ్చినది. ఆ రెండవ క్షేత్రముననే 2024 జనవరి 7వ తేదీన చమురును వెలికివచ్చినది. కావున గాలిమరలు రాకపూర్వమే, సముద్రమున యంత్రము నిలుపుట యనగా నేమో, అందు వేటకాని కేమి మిగులునో తెలిసికొనుటకు మనకొక పాఠము సిద్ధముగా నున్నది. దానిని చదువకుండుట తప్పు.

ఆ పాఠములోని అంకెలు కొన్ని చెప్పుదుము. గుజరాతు రాష్ట్ర పెట్రోలియము సంస్థ 2012లో జరిపిన అన్వేషణచేత వేట పోగొట్టుకొనిన 16,559 మత్స్యకార కుటుంబములకు, కుటుంబ మొక్కింటికి 47,250 రూపాయల వంతున, 78 కోట్లకు పైబడిన సొమ్ము 2019 నవంబరు 21వ తేదీన ముమ్మిడివరము మండలమున జరిగిన సభలో విడుదల చేయబడెను. పిమ్మట ఓ.ఎన్.జి.సి. గొట్టముల పనులచేత నష్టపడిన 23,458 కుటుంబములకు, నెలకు 11,500 రూపాయల లెక్కన నాలుగు నెలలకు, 108 కోట్ల వఱకు 2022 మే 13వ తేదీన మురమళ్ళ సభలో ఈయబడెను. సొమ్ము చేరినది, సంతోషమే. అసలు చేరని చోట్లు ఈ దేశమున ఎన్నియో కలవు. అయినను మొదటి యంకెను మరల చూడుడు. నష్టము 2012లో, పరిహారము 2019లో. ఆ వత్సరమున పదియేండ్ల బాలుడు ఈ వత్సరమునకు పదునేడేండ్ల యువకుడయ్యెను. నడుమనున్న ఏడేండ్లలో ఆ యింట బియ్యము తెచ్చిన దెవరు? వలకు దారము కొనిన దెవరి యప్పు? ఆ యప్పునకు వడ్డీ యెంత? ఈ ప్రశ్నలకు 47,250 అను అంకెలో సమాధానము లేదు.

పరిహారమనునది న్యాయమే, కాని అది అనుమతికి బదులు కానేరదు. మా పాడియావును మేము లేని వేళ విప్పుకొనిపోయి, పిమ్మట సంతధర యెంతయో కనుగొని పైకమంపినవాడు కొనినవాడనిపించుకొనునా? ధర సరియైనదే కావచ్చును, ఒక రూపాయి యెక్కువయే యిచ్చియుండవచ్చును. అయినను అది విక్రయము కాదు. విక్రయమనగా అమ్మనని చెప్పు స్వాతంత్ర్యము గల మాట. మన సముద్రతీరమున ఇంతవఱకు జరిగినది పరిహారముల బేరమే గాని, అనుమతి ప్రశ్న కాదు.

ఇంకొక లోపము కలదు. పరిహారము కుటుంబపు పట్టికను అనుసరించి వచ్చును. పట్టికలో నెక్కుటకు గుర్తు కావలెను, గుర్తునకు పడవయో సంఘపు సభ్యత్వమో కావలెను. తీరమున వేట యనునది పడవ యజమాని యొక్కనిది కాదు. అలివివలను ఒడ్డుకు లాగు కూలిజనము, గంప నెత్తిన బెట్టి అమలాపురము వీధులలో చందువలు, కానాగుర్తలు అమ్ము స్త్రీలు, మంచు తెచ్చువాడు, చేప లెండబెట్టు ముసలమ్మ, ఆయేటి యలవలలో పీతలు పట్టుకొను బాలురు, వీరందఱును ఆ సముద్రమునే తినుచున్నారు. దీపావళి వెళ్ళిన పిమ్మట గౌతమి మొగలలో దిగు చీరమీనును చీరెలతో వడకట్టి కొలపాత్రలతో అమ్ము ఆడువారిని కోనసీమలో ఎఱుగనివా రెవరు? ఆ మీను ఒక సంవత్సరము దిగనిచో వారు పోయి ఏ కచేరీలో ఏ దరఖాస్తు పెట్టవలెను?

చేపకును తాబేలునకును అసలు పట్టికయే లేదు.

సముద్రమెవరిదను ప్రశ్నకు ప్రాచీనులు తేలికగా సమాధానము చెప్పిరి. ఆఱవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి కూర్పించిన ధర్మసంగ్రహమున గాలియు, పాఱు నీరును, సముద్రమును, దాని తీరమును ప్రకృతిధర్మముచేత అందఱికిని సమానమని చెప్పబడినది. మన సర్వోన్నత న్యాయస్థానము 1996లో కమలనాథు కేసునందు ఆ సిద్ధాంతమునే యెత్తి చూపి, ఇట్టి వస్తువులకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేయని తీర్పు చెప్పినది. చక్కని మాట. కాని అందఱిదియనునది ఆచరణలో ఎవరిదియు కాకపోవును. ఎవరిదియు కానిది బలవంతునిదగును. దీనికే మన రాజనీతిశాస్త్రకారులు మాత్స్యన్యాయమని పేరు పెట్టిరి. చిన్నచేపను పెద్దచేప మ్రింగకుండ నాపుటకే రాజు పుట్టెనని వారు చెప్పిరి. చేపల విషయముననే ఆ న్యాయము అక్షరాల నడచుచుండగా రాజు నష్టపరిహారపు చెక్కు వ్రాయుచు కూర్చుండుట చూచినచో వారేమందురో!

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. "కొన్నివేల కుటుంబములకు కొంత నష్టము కలిగినను, కోట్లమందికి వెలుగు వచ్చునుగదా, పెక్కండ్ర మేలుకొఱకు కొందఱు త్యాగము చేయరాదా?" అని. బెంథాము పండితుని శిష్యులు దీనిని లెక్కగట్టి చూపుదురు. మనవారికి లెక్క అక్కఱలేదు. శిబిచక్రవర్తి కథ చాలునందురు. ఆ కథను మేమును పాఠశాలలో ఏటేట చెప్పుచునే యున్నాము గనుక దానిని కొంచెము నిదానముగా చూతము. పావురము శరణుజొచ్చినది. డేగ వచ్చి, నా యాహారము నాకిమ్మన్నది. డేగ యడిగినది అన్యాయము కాదు. దాని యాకలి నిజమైనది. పావురము ప్రాణమును నిజమైనదే. మంచికిని మంచికిని పోరనగా ఇదియే. శిబి యేమి చేసెను? తన తొడకోసి త్రాసులో వేసెను. కథలోని పుణ్యమంతయు ఆ 'తన' యను మాటలో నున్నది. అతడు మంత్రిని పిలిచి, నదియొడ్డున నున్న బెస్తవాని తొడ కోసి తెండని యాజ్ఞాపించియుండినచో పావురము బ్రదికియుండెడిదే, డేగ కడుపును నిండియుండెడిదే, త్రాసును సరితూగియుండెడిదే. బెంథాము లెక్కలో లోపమే కన్పింపదు. కాని ఆ కథను ఎవరును రెండువేలేండ్లు చెప్పుకొనియుండరు. త్యాగము చేయుట యొకటి, చేయించుట యొకటి. వేటకానిచేత త్యాగము చేయించి, ఆ త్యాగమునకు మనము గర్వపడుట, మా దృష్టిలో, రెండింటిలో ఏదియు కాదు.

కోనసీమవారికి ఇంకను సన్నిహితమైన నిదర్శనము ధవళేశ్వరపు ఆనకట్ట. ఆర్థరు కాటను దొర 1847లో మొదలిడి 1852 నాటికి దానిని ముగించెను. అంతకు పూర్వము కఱవులతోను వఱదలతోను అలమటించిన ఈ సీమ అన్నపూర్ణయైనది. ఆయన విగ్రహములు మన యూళ్ళలో నిలిచియుండుట న్యాయమే. అయినను ఆ కట్టుదిట్టమైన రాతిగోడకు ఇవతల ఒక చేప నిలిచిపోయినది. సముద్రమున ఇలసయని పిలువబడి, శ్రావణ భాద్రపదములందు గోదావరి ఎఱ్ఱనీటికి ఎదురీది వచ్చి పులసయగు నా చేప, గ్రుడ్లు పెట్టుటకు పైకి పోవలసినది. ఆనకట్ట దానికి సరిహద్దయ్యెను. పుస్తెలమ్మియైనను తినవలెనని మనవారు చెప్పుకొను పులస ఇప్పుడు పుస్తెల ధరకే వచ్చినది; దొరకుట తగ్గిపోయినందున. దీనికి కారణము ఆనకట్ట యొక్కటే కాదు. మొగలలోని చిన్నకన్నుల వలలును, మురికినీరును, చేప గ్రుడ్లతో నుండగనే పట్టు ఆతురతయు కలవు. కాటనుదొరను నిందించుట మా యభిప్రాయము కాదు. చేప యెక్కుటకు మెట్లు కట్టవలెనను ఆలోచన ఆ కాలమున ఈ దేశమునకు రాలేదు. ఆయన ఎఱుగడు. మన మెఱుగుదుము. ఎఱిగినవాని బాధ్యతయు ఎఱుగనివాని బాధ్యతయు ఒకటి కావు.

గాలిమర యేమి చేయునో ఇప్పుడు చూతము. మొదట దాని పక్షమున చెప్పవలసినది చెప్పుదుము. పొగ లేదు, మంట లేదు, కారిపోవు చమురు లేదు. పాశర్లపూడి మంటను చూచినవారికి ఇది చిన్న సుగుణము కాదు. అంతేకాదు, భూమి వేడెక్కుటచేత ముందుగా నష్టపోవువాడును వేటకాడే. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమను త్రొక్కినపుడు వేయిమందికి పైగా మరణించిరి. సముద్రముమీదికి పోయి తిరిగిరానివారెందఱో. కడలి వేడెక్కినకొలది తుపానులు బలియునని శాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, గాలిమరలు వేటకానికి శత్రువులని యొక్కమాటతో త్రోసివేయుట బుద్ధిమంతుల పని కాదు. ఓడలరేవు తీరమున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధునితో మే మీ ప్రస్తావము తెచ్చి, "ఏమి బాబాయీ, గాలిని పట్టెదరట, ఏమందువు?" అని యడిగితిమి. అతడు వలనుండి తలయెత్తకయే, "గాలిని పట్టుకుంటే మంచిదే కదండీ మేస్టారూ. మా తాత గాలితోనే యేటకెల్లేవోడండి. కానండీ, ఆ తంబాల నడుమ నా వల ఎక్కడెయ్యాలో అదెవరు సెప్తారండీ?" అనెను. ఈ విషయమై మేము చదివిన గ్రంథములలో ఇంతకంటె సూటిగా నడిగిన ప్రశ్న లేదు.

హాని ప్రధానముగా మూడుచోట్ల కలదు. మర నాటునపుడు లోతు తక్కువగల తావులలో లావైన ఉక్కు గొట్టమును యంత్రపు సమ్మెటతో సముద్రపుటడుగున దిగగొట్టుదురు. నీటిలో ధ్వని గాలిలోకంటె నాలుగురెట్లకు మించిన వేగమున పోవును. డాల్ఫిన్ జాతి ప్రాణులు కంటితో గాక చెవితో బ్రదుకునవి. ఉత్తరసముద్రమున ఇట్టి పని జరుగునపుడు ఆ జాతివి యిరువది కిలోమీటర్ల దూరమువఱకు తొలగిపోయినట్లు పరిశోధకులు గమనించిరి. ఆపై మర తిరుగునపుడు పక్షులకు హాని. ఈ కాలపు మరలకు ఒక్కొక్క ఱెక్క నూఱు మీటర్లకు పైబడినవి వచ్చినవి. నాలుగు కొబ్బరిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినంత. మన గోదావరి మొగలకును, 1978లో ఏర్పడిన కోరింగ వన్యప్రాణి రక్షణస్థలమునకును చలికాలమున ఉత్తరదేశములనుండి వేలకొలది పక్షులు వచ్చును. వాని దారిలో ఇట్టి ఱెక్కలు తిరుగునపుడు కొన్ని తగిలి చచ్చును. మఱికొన్ని ఆ చోటునే విడిచిపోవును; విడిచిపోవుటయు ఒక విధమైన చావే, ఆహారము వేఱొకచోట లేనపుడు. మూడవది వేటకాని దారి. మరల నడుమ నీటియడుగున విద్యుత్తు తీగలుండును, వానికి వల తగులుట అపాయము. బెల్జియము దేశమున మరల తోటలలో చేపల వేటయే నిషిద్ధము. బ్రిటనులో అట్టి సామాన్యనిషేధము లేదు గాని, వల చిక్కుకొనునను భయముచేత పెక్కండ్రు ఆ దరికి పోరు.

ఇందులోనే యొక వింత లాభమును కలదు. నీట మునిగిన స్తంభములకు ఆల్చిప్పలును నాచును పట్టి, వాని చుట్టు చేపలు గుమిగూడును; పెద్దమరబోట్ల లాగుడువలలు అచటికి రాకపోవుటచేత దున్నబడిన అడుగునేల మరల కోలుకొనును. కావున చేపకు మేలే జరుగవచ్చును. ఆ మేలు చేపది, వేటకానిది కాదు. ఈ భేదమును విస్మరించి, వన్యప్రాణిరక్షణ, మత్స్యపరిశ్రమరక్షణ యని రెండింటిని ఒక్క ఊపిరిలో పలుకుట యిప్పటి వాడుక. అవి ఎల్లవేళల ఒకటి కావు. మాఘమాసమున మన తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్ళ కళేబరములు ఇసుకపై పడియుండుట చూచినవారు ఎఱుగుదురు. 1972 నాటి చట్టము వానిని పులితో సమానముగా కాపాడుమన్నది. వానిని చంపునది గాలిమర కాదు, మరబోటు లాగుడువల. తాబేలు తప్పించుకొనుటకు వలకొక ద్వార ముంచుమని ప్రభుత్వము చెప్పినను, చేపలును ఆ దారినే పోవునను శంకచేత దానిని ఉంచనివారు కలరు. వేటకాని పక్షమున వ్రాయుచున్నాము గనుక ఈ సంగతిని మఱుగుపఱచుట మాకు సమ్మతము కాదు. పేదవాడు గనుక అతడు చేయునదెల్ల ధర్మమనుట యొక విధమైన అవమానమే. అతనిని ధర్మము పలుకదగని పసివానిగా చూచుట యది.

అట్లని వేటకాడు ధర్మ మెఱుగనివాడును కాడు. ప్రతివత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు అఱువదియొక్క దినములు తూర్పుతీరమంతట మరపడవలు ఒడ్డున నుండును. చేప గ్రుడ్లు పెట్టు కాలమని వేట మానుదురు. ప్రభుత్వ మిచ్చు భృతి 2025లో యిరువదివేలయినది. అంతకు మునుపు పదివేలే. ఏ యుద్యోగస్థుడైనను, మాతో కలిపి, ఏటికి రెండు నెలలు జీతము మానుకొని తన వృత్తికి ఆధారమైన ప్రాణులకు విశ్రాంతి యిచ్చెనా? అశోకచక్రవర్తి తన పట్టాభిషేకమైన యిరువదియాఱవ యేట చెక్కించిన స్తంభశాసనమున కొన్ని చేపలను, తాబేళ్ళను చంపరాదనియు, కొన్ని తిథులందు చేపలు పట్టరాదు, అమ్మరాదనియు శాసించెను. ఆ శాసనపు మనుమలు మన తీరమున నున్నారు.

వల ఆగవలసిన దినములున్నచో, మరయు ఆగవలసిన దినములుండవా? ఇది ఊహ కాదు. 2023 మే నెలలో హాలెండు దేశస్థులు, రాత్రివేళ పక్షులు గుంపులుగా సముద్రము దాటునని ముందుగా లెక్కించి, తమ సముద్రపు గాలిమరలను నాలుగుగంటల సేపు దాదాపుగా నిలిపివేసిరి. విద్యుత్తునకు లోటు రాలేదు, పక్షులు దాటిపోయినవి. జర్మనీ దేశమున స్తంభము దిగగొట్టునపుడు 750 మీటర్ల దూరమున ధ్వని 160 డెసిబెళ్ళకు మించరాదని కట్టడి కలదు. దానికి లోబడుటకు వారు నీటియడుగున చిల్లుల గొట్టములు పఱచి గాలి నూది, స్తంభము చుట్టు బుడగల తెర యొకటి లేపుదురు. చట్టము గట్టిగా నుండుటచేతనే ఆ నేర్పు పుట్టినది. మన తీరమున ఇట్టివి అసాధ్యములని చెప్పువారు, వానికగు వ్యయమును అసాధ్యమను మాటతో కప్పుచున్నారు.

అయితే ఆ కట్టడులను అట్లే దింపుకొనుటయు పనికిరాదు. అవి చల్లని సముద్రపు జ్ఞానము. మా సముద్రము వేఱు. గోదావరి తెచ్చు ఒండ్రుచేత మెత్తనైన అడుగునేల, వర్షకాలపు ఎఱ్ఱనీరు, తుపాను, మడయడవులలో పెరిగి కడలికి పోవు రొయ్యపిల్ల, ఆ యడవులనే నమ్మిన నీటిపిల్లియు నీటికుక్కయు, ఇవి యుత్తరసముద్రమున లేవు. కాలనిర్ణయమే చూడుడు. మత్స్యకారునకు అడ్డములేని కాలమని యెంచి, ఏ యింజనీరైనను సమ్మెటపనికి వేటనిషేధపు దినములనే యేర్పఱచుట సహజము. పటమున అది సరిపోవును. కాని ఆ రెండు నెలలు వల మానుట చేప గ్రుడ్లు పెట్టుకొనుటకే గదా! వేటకాడు కడుపు కట్టుకొని చేపకిచ్చిన శాంతిని సమ్మెటతో చెఱచినట్లగును. పోనిండు, జనవరి మొదలు మార్చి వఱకు చేయుదమన్నచో తాబేళ్ళు తీరమున కెక్కు కాలము. నవంబరు, డిసెంబరులలో తుపానుల భయము, పక్షుల రాక. ఇట్టి లెక్క తీరమున పుట్టి పెరిగినవాని నాలుక చివర నుండును. రాజధానిలో కూర్చుండిన నిపుణునకు నివేదిక నాలుగవ సంపుటమున నుండును. కావున మత్స్యకారుని పిలిచి పరిహారపు పట్టికలో వ్రేలిముద్ర వేయించుట కాదు, పటము గీయునపుడే ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. అతడు ఈ విషయమున విద్వాంసుడు. పట్టము లేని విద్వాంసులను గౌరవించుట మన చదువులు మనకు నేర్పలేదు, అది వేఱు సంగతి.

ఈ పత్రికను చదువు గృహస్థులకు ఇప్పుడొక మాట. శిబి తొడను గూర్చి పైన వ్రాసితిమి; త్రాసులో మనది కొంతయైనను పడినదా? విద్యుత్తు కావలసినది ఎవరికి? అమలాపురములోను రాజోలులోను పెండ్లియైనచో వీధి పొడవునను దీపతోరణములు, పగలే వెలుగుచుండును. శీతలయంత్ర మున్న గదిలో రజాయి కప్పుకొని నిద్రించుట గౌరవచిహ్నమయ్యెను. వరిచేలు రొయ్యలచెరువులైన యూళ్ళలో రాత్రియంతయు తెడ్డుచక్రములు తిరిగి రొయ్యకు ఊపిరి పోయుచున్నవి. సముద్రపు రొయ్యకు గాలి యుచితము. చెరువు రొయ్యకు గాలి కొఱకు విద్యుత్తు. ఆ విద్యుత్తు కొఱకు సముద్రపు గాలి! ఈ చక్రమును చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో మాకు తోచకున్నది. ఒక్క యింట రెండు దీపములార్పినచో ఒక మర తగ్గునని మేము చెప్పము. అది చిన్నపిల్లల లెక్క. కాని తన వినియోగమున ఒక్క దీపమును తగ్గించుకొననివాడు వేటకానితో "దేశముకొఱకు నీ వేటచోటు వదలుకొమ్ము" అని చెప్పుటకు ఏ నోటితో చెప్పగలడు? ఇంటికప్పుమీద సూర్యఫలకములు పెట్టుకొను స్తోమత మనలో పెక్కండ్రకు కలదు. దానికి పావురమును వద్దు, డేగయు వద్దు.

సముద్రపు గాలిమరలు మన తీరమునకు రాకమానవు, రాకూడదనియు మేమనము. వచ్చుటకు ముందు ఏమి జరుగవలెనో మాత్రము ఇప్పుడే నిశ్చయించుకొనవలెను. పనికి పూర్వము కనీసము మూడు వత్సరములు ఆ చోటి చేపలను, పక్షులను, తాబేళ్ళను లెక్కించి వ్రాసియుంచవలెను. ముందు లెక్క లేనిచో పిమ్మట నష్టము నిరూపించుట యెవరి తరమును కాదు, పరిహారము ఏడేండ్లు నడచుటకు ఇదియు నొక దారి. 2006 నాటి పర్యావరణ ప్రకటనచేత పెద్దపనులపై బహిరంగవిచారణ జరుగునపుడు నివేదికా సంగ్రహము స్థానికభాషలో నుండవలెనని నియమము కలదు. సముద్రపు గాలిమరలకును అట్టి విచారణనే జరుపుమని మన మడుగవలెను. అది కలెక్టరుకచేరీలో గాక తీరముననే, పడవలు ఒడ్డున నుండు నిషేధపు దినములలో జరుగవలెను. సంగ్రహము తెలుగున నుండుట చాలదు, దానిని ఇసుకమీద బిగ్గఱగా చదివి వినిపింపవలెను. చదువుటకు ఉపాధ్యాయుల మున్నాము.

తాబేళ్ళ లెక్కకు ప్రభుత్వమునకై కనిపెట్టుకొని యుండనక్కఱలేదు. మాఘమున భీష్మైకాదశికి అంతర్వేది తీర్థమునకు లక్షలజనము పోవును. సరిగా ఆ పక్షములందే తాబేళ్ళు రాత్రివేళ ఆ యిసుకలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. తెల్లవాఱుజామున నీటియంచునుండి పైకి పోయి తిరిగివచ్చిన వాని అడుగుజాడ యొక చిన్న బండిచాలువలె స్పష్టముగా నుండును, ఎండ యెక్కి జనము త్రొక్కువఱకు. సఖినేటిపల్లినుండి ఓడలరేవు వఱకు తీరపు గ్రామముల పాఠశాలలు కొన్ని కలిసి, పది పదునైదుమంది బాలబాలికలను, ఇద్దఱు మత్స్యకార వృద్ధులను వెంటబెట్టుకొని, ఆ జాడలను తేదీలతో ఒక పుస్తకమున వ్రాయించినచో వ్యయము పుస్తకపు వెల మాత్రమే. అందుకు ఒప్పుకొను ఉపాధ్యాయులు ఈ పత్రిక చదువరులలో నుందురని తలచి, వచ్చు పుష్యమాసమునకు ముందుగా తమ తమ గ్రామముల తీరపు పొడవును, వెంట రాగల వృద్ధుల సంఖ్యను మాకు తెలుపుమని కోరుచున్నాము.